నిద్ర దొరికే ఉద్యోగం

ఆ రోజుల్లో పదో తరగతి చదివే పిల్ల ఎవరి కంటబడినా "పెద్దయినంక ఏమైతవు" అని అడగడం మా ఉప్పుగూడలో ఒక మర్యాద. అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగేవారు, జవాబు కోసం ఎవరూ ఆగేవారు కాదు. అందుకని మేం కూడా నోటికొచ్చింది చెప్పి తప్పించుకునేవాళ్ళం. మా తరగతిలో సగం మంది డాక్టర్లు, మిగతా సగం కలెక్టర్లు. (చివరి బెంచీలో ఒకడు మాత్రం పోలీసు అవుతానన్నాడు. వాడు నిజంగానే పోలీసయ్యాడు. మొన్న చౌరస్తాలో నా బండి ఆపి హెల్మెట్ ఏదని అడిగాడు. ఒకే బడి అని గుర్తుచేస్తే సంతోషంగా నవ్వి, చలానా రాశాడు.) నాకు మాత్రం ఆ ప్రశ్న వినగానే ఆవులింత వచ్చేది. పెద్దల మాటంటే లెక్కలేక కాదు. నాకు ఏ ప్రశ్న విన్నా ఆవులింతే వచ్చేది. నేను పాలవాళ్ళ పిల్లను. పుట్టిన దగ్గర్నుంచి పదో తరగతి దాకా ఒక్కనాడు కూడా కడుపునిండా నిద్రపోయిన గుర్తు లేదు.

మా ఇంటి వెనకే కొట్టం. ఒక బర్రెను అమ్మితే ఇంకొకటి కొనేవాడు బాపు, కాబట్టి కొట్టంలో ముఖాలు మారుతుండేవి గానీ మేం నిద్రలేచే వేళ మాత్రం మారేది కాదు. ఇంకా చుక్కలు ఉండగానే బాపు పాలు పితకడానికి కూర్చునేవాడు. అమ్మ పేడ ఎత్తి కుడితి కలిపేది. అన్న గడ్డి వేసేవాడు. నేను పాలక్యాను పట్టుకుని, కొలత గిన్నెలు సంచిలో వేసుకుని, వాడిక ఇళ్ళకు బయలుదేరేదాన్ని. (నెల పొడుగునా మా దగ్గరే పాలు పోయించుకునే ఇళ్ళను మేం అలా అంటాం.) హోటళ్ళూ చాయ్ దుకాణాలూ బాపువి, సందుల్లోని ఇళ్ళు నావి. ఆడపిల్లనైతే తలుపు తట్టి నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో పోసి రావచ్చు, ఎవరూ ఏమనుకోరని ఆ ఏర్పాటు. బోనాలకు సెలవు లేదు, బక్రీదుకు సెలవు లేదు, వానకు అసలే లేదు. బర్రెకు జ్వరం వస్తే డాక్టరు వచ్చేవాడు, నాకు వస్తే శొంఠి కషాయం వచ్చేది.

బడికి చేరేసరికే నా రోజు సగం అయిపోయేది. ప్రార్థనలో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను. సోషల్ క్లాసులో కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం కూడా వచ్చింది. లెక్కల క్లాసులో మాత్రం ఏ విద్యా పనిచేసేది కాదు, నేరుగా బెంచీమీదకు ఒరిగిపోయేదాన్ని. ఒకరోజు లెక్కల సారు అందరినీ ఒక్కొక్కరినే నిలబెట్టి పెద్దయ్యాక ఏమవుతారో చెప్పమన్నాడు. నా వంతు వచ్చేసరికి నేను ఇంకెక్కడో ఉన్నాను. పక్కపిల్ల మోచేత్తో పొడిచింది.

"నువ్వేమైతవమ్మా?" అన్నాడు సారు.

"లేస్తున్న అమ్మా, లేస్తున్న" అన్నాను, కళ్ళు మూసుకునే.

క్లాసు క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "మంచిదే బిడ్డా. ముందుగాల లెవ్వు. అటెంక ఏదన్న కావచ్చు" అన్నాడు. నా భవిష్యత్తు గురించి అప్పటిదాకా ఎవరైనా ఇచ్చిన సలహాల్లో అదే కాస్త పనికొచ్చేది, కానీ నాకు చేతకానిదీ అదే.

పరీక్షలు దగ్గరపడుతుండగా బాపు కూడా అదే ప్రశ్న అడిగాడు. ఆయన ముఖ్యమైన మాటలన్నీ పాలు పితికేటప్పుడే మాట్లాడేవాడు. బర్రె పొట్టకు నుదురు ఆనించి, మా వైపు చూడకుండా మాట్లాడేవాడు కాబట్టి, అడుగుతున్నది మమ్మల్నా బర్రెనా అని కాసేపు అనుమానంగా ఉండేది.

"పదోది అయిపోతున్నది. ఏం సదువుతవో, ఏం కొలువు జేస్తవో సోచాయించుకున్నవా?"

నేను ఊరుకున్నాను. బర్రె కూడా ఊరుకుంది.

"నిన్నే బిడ్డా."

"ఇంక లేదు బాపు."

"రిజల్ట్ వచ్చేలోపట చెప్పు. ఫలానాది అయితనను, ఆడిదాంక నేను సదివిపిస్త. ఏం తోస్తలేదంటే మీ అన్న తీరుగ కొట్టంల దిగు. అటు గాక ఇటు గాక నడిమిట్ల ఉండుడు మాత్రం వద్దు."

మా అన్న సంగతి చెప్పాలి. వాడు అంతకు ముందే పదో తరగతి తప్పి, నేరుగా కొట్టంలో పాసయ్యాడు. "ఏమైతవురా" అని బాపు అడిగినప్పుడు "జూస్తున్న" అన్నాడట. ఆ తర్వాత గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. వాడికి అందులో పెద్ద బాధేమీ లేదు. మధ్యాహ్నం గడ్డి కుప్ప మీదే పడుకుని గురకపెట్టేవాడు, పక్కన దుడ్డె వాడి చొక్కా నమిలేది. నాకు అట్లా పగలు నిద్ర పట్టే అదృష్టం కూడా లేదు, బడిలో తప్ప.

బాపు మాటతో నాకు నిజంగా భయం పట్టుకుంది. కొట్టమంటే నాకు చిన్నచూపు లేదు, బర్రెలంటే ఇప్పటికీ ప్రాణం. కానీ ఒకసారి అందులో దిగితే ఇక ఈ జన్మలో సూర్యుడు నాకంటే ముందు లేవడు. అందరూ పేరు కోసం, హోదా కోసం, దేశసేవ కోసం ఉద్యోగాలు ఎంచుకుంటుంటే నాకు కావలసిందల్లా పొద్దున ఏడింటిదాకా దుప్పటి. ఏ గ్రూపు తీసుకుంటే అది దొరుకుతుందో ఏ సారూ చెప్పడు. సరే, నేనే కనుక్కుంటాను అనుకున్నాను. ఆ మాటకొస్తే, మా పేటలో ఏ ఉద్యోగస్తుడు పొద్దున్నే ఎట్లా ఉంటాడో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందరి తలుపులూ ముందుగా తట్టేది నేనే కదా.

ఆ మర్నాటి నుంచి పాలు పోస్తూ ఒక్కో ఇంటినీ పరిశీలించడం మొదలుపెట్టాను. వకీలు సాబ్ ఇంట్లో ఇంకా తెల్లారకముందే వరండా బల్ల మీద ఇద్దరు ముగ్గురు కక్షిదారులు కునుకుతూ ఉండేవారు, లోపల ఆయన కాగితాలు పరుచుకుని తనలో తనే ఎవరినో దబాయిస్తూ ఉండేవాడు. వద్దు. డాక్టరమ్మ తలుపు తీసేది గానీ కళ్ళు తెరిచేది కాదు. జుట్టు ముడేసుకుంటూ "ఇంకెవరన్న వచ్చిన్రా బయట" అని నన్నే అడిగేది. అస్సలే వద్దు. బట్టల సేటు పది గంటలకు గానీ దుకాణం తెరవడని ఆశపడి వెళ్ళానా, ఆయన అప్పటికే తలస్నానం చేసి, గంట వాయిస్తూ దేవుళ్ళందరినీ నిద్రలేపుతున్నాడు. పూల వ్యాపారి ఇంటికి తాళం, మనిషి గుడిమల్కాపూర్ మార్కెట్లో. ఆయన మాకంటే ముందే లేచే మనిషి, ఆ ఇంటి దగ్గర నేను కొంచెం గర్వంగా కూడా నిలబడ్డాను. కిరాణా కొట్టు వెనక ఇంట్లో ఖాలా, అంటే మా అందరికీ పిన్ని లాంటి ముస్లిం పెద్దావిడ, ఉండేది. ఆమె కొడుకు నహారీ హోటల్ నడిపేవాడు, పొద్దున్నే అమ్మే ఆ మాంసం పులుసు కోసం రాత్రంతా పొయ్యి దగ్గరే. ఖాలా నా ముఖం చూసి "క్యా బేటీ, నీంద్ పూరీ నై హుయీ?" అని జాలిపడి, నిద్ర తీరలేదన్న పిల్లకు ఓదార్పుగా ఉస్మానియా బిస్కెట్టు చేతిలో పెట్టేది. (ఆమె కొడుకు ఉద్యోగం నచ్చలేదు గానీ ఆమె బిస్కెట్టు వల్ల ఆ ఇంటిని చాలా రోజులు పరిశీలించాను.) మా లెక్కల సారు ఇంటికి కూడా పోసేదాన్ని. ఆయన చీకటితోనే ట్యూషన్ చెప్తున్నాడు, ఎదుట పిల్లలు ఆవులిస్తున్నారు, సారు కూడా ఆవులిస్తున్నాడు. నన్ను చూసి ఇద్దరం ఒకే కులం వాళ్ళమన్నట్టు తలూపాడు.

అన్నీ కొట్టేసుకుంటూ వచ్చి సందు చివర్న ఒక ఇంటి దగ్గర ఆగిపోయాను. ఆ మొగుడూ పెళ్ళాలు ఏడాది కిందటే అద్దెకు వచ్చారు. వంటింట్లో పాలు పోస్తుంటే పక్క గది కనిపించేది. కిటికీకి నల్లటి మందపాటి పరదా, ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుండేది, మంచం మీద ఆ ఇంటాయన. వెల్లకిలా, చేతులు బారజాపి, ఒక కాలు మంచం కిందకు వేలాడేసి, ఈ లోకంతో ఇక పనిలేదన్నట్టు పడుకుని ఉండేవాడు. అట్లాంటి నిద్ర నేను అంతకు ముందు పెళ్ళివారింట్లో భోజనాలయ్యాక కూడా చూడలేదు. అది మామూలు మనుషులు పడుకునే పడక కాదు. నేను గిన్నెలో పాలు పోస్తూ ఆ గది వైపే చూస్తూ నిలబడిపోయేదాన్ని, పాలు పొర్లి గట్టు మీద పడేవి. ఇల్లు కూడా బాగుండేది. ఫ్రిజ్జు, వాషింగ్ మిషిను, గోడంత టీవీ. ఆయన్ను నేను మనసులో నిద్ర సారు అని పిలుచుకునేదాన్ని.

ఒకరోజు ధైర్యం చేసి ఆయన భార్యను అడిగాను. "అక్కా, సారు ఎన్నింటికి లేస్తడు?"

"ఒంటిగంట దాటుతది" అంది ఆమె, పాలు పొయ్యిమీద పెడుతూ.

"పగటీలి ఒంటిగంటనా?"

"మరి. ఒక్కొక్కపారి రెండు గూడ అయితది."

చేతిలో క్యాను కింద పెట్టేశాను. "మరి కొలువు?"

"కంప్యూటర్ కంపెనీ. వాళ్ళే ఇంటికి కారు పంపుతరు, వాళ్ళే దింపుతరు. కుర్చీల కూసొని ఫోన్ల ఇంగ్లీషు మాట్లాడుడే పని."

చదువుతున్న మీకు ఈపాటికి సంగతి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. మా ఇంట్లో ఎవరికీ కాలేదు. మా లెక్క ప్రకారం రాత్రి అనేది పడుకోవడానికి ఉంది, పగలు అనేది పాలకు ఉంది. ఒక మనిషి ఎంత సుఖపడుతున్నాడో తెల్లవారుజామున అతను ఏ భంగిమలో ఉన్నాడో చూసి చెప్పగలమని మా నమ్మకం. ఊరంతటినీ మేం ఆ ఒక్క గంటలోనే చూస్తాం, మిగతా రోజంతా వాళ్ళు ఏం చేస్తారో మాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. కాబట్టి ఆ రోజు కొట్టంలోకి వెళ్ళి, బర్రెకూ బాపుకూ వినబడేటట్టు ప్రకటించాను.

"బాపు, నేను కంప్యూటర్ కొలువు జేస్త."

బాపు పితకడం ఆపి తల ఎత్తాడు. ఆయన పితికేటప్పుడు తల ఎత్తడం నేను చూడడం అదే మొదటిసారి. "పక్కానా?"

"పక్కా."

బాపు ముఖం విప్పారిపోయింది. పాపం, ఆయనకు నిద్ర సారు సంగతి చెప్పలేదు, చెప్తే అమ్మకు కూడా వినబడుతుందని. కానీ అమ్మ ఊరుకునే మనిషి కాదు. పేడతట్ట దింపి "ఉన్నట్టుండి గా బుద్ధి ఎట్ల పుట్టింది" అని ఆరా తీసింది. నేను నిద్ర సారు ఇల్లు, ఫ్రిజ్జు, కారు వర్ణించి, చివర్న నిద్ర సంగతి కూడా చెప్పేశాను. అన్న గడ్డి వేయడం ఆపి "నేను గూడ గదే జేస్త" అన్నాడు. అమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, మా ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అడిగింది.

"రెండింటిదాంక పండుకునేటోనికి జీతమెవడిస్తడే?"

"కంప్యూటర్ కదనే. పని అదే జేసుకుంటది" అన్నాడు బాపు. ఆ మాటతో అమ్మ కూడా మళ్ళీ పేడతట్ట ఎత్తుకుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే అంతే, ఏ ప్రశ్నకైనా అదే జవాబు.

వారం తిరిగేసరికి బాపు చాయ్ దుకాణాలన్నిటిలో చాటేశాడు. నేను వాడిక ఇళ్ళకు వెళ్తే "కంప్యూటర్ బేటీ ఆగయీ" అని ఖాలా ఎదురొచ్చేది. వకీలు సాబ్ ఒక పెన్ను ఇచ్చాడు. నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క గుబులు. ఎందుకంటే బాపుకు ఒక అలవాటుంది. బర్రెను కొనేముందు దాన్ని ఒక పూట తనే పితికి చూస్తాడు. అమ్మేవాడి మాట మీద కొనడు. నా ఉద్యోగాన్ని కూడా ఒకసారి చూసి రావాలనుకున్నాడు.

దానికి తగ్గట్టే ఒకరోజు మధ్యాహ్నం కొట్టంలో ఒక బర్రె ఈనింది. ఈనిన బర్రె తొలి జున్నుపాలు మేం అమ్మం, అమ్మితే కలిసిరాదని పట్టింపు. వాడిక ఇళ్ళకు ఊరికే పంచుతాం. మామూలుగా అయితే పొద్దున నేనే పంచేదాన్ని. ఆ రోజు సాయంత్రమే బాపు తెల్లచొక్కా తొడుక్కుని, జున్నుపాల గిన్నె మీద గుడ్డ కట్టి, "నడు, మీ కంప్యూటర్ సారింటికి పోయొద్దాం" అన్నాడు. ఆ ఇంటికి నేను సాయంత్రం పూట వెళ్ళడం అదే మొదటిసారి.

తలుపు తీసే ఉంది. నల్ల పరదా పక్కకు లాగి ఉంది. మంచం మీద దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. సారు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఫోటో ఉన్న బిళ్ళ, టేబుల్ మీద టిఫిన్ డబ్బా. నిలబడి ఉన్న నిద్ర సారును చూడడం నాకు కొత్త. పడుకున్నప్పటికంటే చాలా చిన్నగా, బక్కగా కనిపించాడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఏంది సారు, ఊరికి పోతున్నరా?" అన్నాడు బాపు, గిన్నె అక్క చేతికిస్తూ.

"లేదు చాచా, ఆఫీసుకు."

బాపు గోడ గడియారం వైపు చూశాడు, తర్వాత వాకిట్లో పడుతున్న చీకటి వైపు చూశాడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే కదా అమెరికాల తెల్లారేది. వాళ్ళ కార్డు పోయిందని, బిల్లు తప్పు వచ్చిందని ఫోన్లు చేస్తరు. పొద్దుగాల్దాంక మాట్లాడుతనే ఉండాలె. మీ పిల్ల పాలు తెచ్చే టైముకు నేను అప్పుడే వచ్చి నడుం వాలుస్త."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నా చదువు, నా కొలువు, నా దుప్పటి అన్నీ ఒక్కసారిగా ఆ గదిలోంచి బయటకు నడిచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. బాపు అక్కడితో వచ్చేస్తే బాగుండేది. కానీ ఆయన దారి పొడుగునా ఒక మాట తయారు చేసుకుని వచ్చాడు, దాన్ని వృథాగా పోనివ్వలేకపోయాడు.

"సారు, మా బిడ్డ మీ తీరుగ అయితనంటున్నది."

సారు బూటు లేసు కట్టుకుంటూ తల ఎత్తాడు. "నా తీరుగనా? ఎందుకమ్మా?"

ఇంగ్లీషు మీద ఇష్టమనో, కంప్యూటర్ అంటే ఆసక్తి అనో చెప్పవచ్చు. ఆ క్షణాన నాకు నిజం తప్ప ఇంకేమీ తోచలేదు. "మీరు మస్తు మంచిగ పండుకుంటరు సార్" అన్నాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు ఊరికే చప్పుడయ్యాయి. సారు లేసు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

"నేనా? మంచిగ పండుకొని ఎన్నేండ్లయిందో యాదికి లేదమ్మా" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, ఎన్నాళ్ళనుంచో గొంతులో పెట్టుకున్నదాన్ని బయటపెడుతున్నట్టు మెల్లగా అన్నాడు. "చాచా, ఏమనుకోవద్దు. కన్ను గిట్ల మూతపడుతదో లేదో, మీ పిల్ల క్యాన్ మూత ఠణ్ణుమంటది. ఇంక పన్నెండింటిదాంక అటు ఇటు పొర్లుడే. జర మెల్లగ మూత పెట్టమనున్రి."

బయట కారు హారన్ మోగింది. సారు డబ్బా పట్టుకుని వెళ్ళిపోతూ నా దగ్గర ఆగాడు. "పగటి కొలువు ఏదన్న చూసుకోమ్మా" అన్నాడు. నిద్రలో అంత పెద్దగా కనిపించిన మనిషి కారు వెనక సీట్లో కూర్చోగానే తల వాల్చేశాడు. నేను ఆయన నిద్ర చూసి ఆశపడ్డాను. ఆయన నిద్ర చెడగొడుతున్నది నేనేనని ఎట్లా తెలుస్తుంది.

ఇంటికి తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చేట్టుంది, జనం ఆగిపోయారు. బాపు పట్టాల వంకే చూస్తున్నాడు. చాయ్ దుకాణాలన్నిటిలో చాటిన మాటను ఇప్పుడు ఎట్లా వెనక్కి తీసుకోవాలో ఆలోచిస్తున్నాడనుకున్నాను. తల దించుకుని నిలబడ్డాను.

"నిద్ర కోసమేనా బిడ్డా?" అన్నాడు. ఆ మాట అడిగేటప్పుడు ఎదురుగా బర్రె లేదు, నా వైపే చూస్తున్నాడు.

"అవు బాపు."

బాపు గేటు పక్కనున్న చిన్న గదిని చూపించాడు. "నీ అంత ఉన్నప్పుడు నేను గూడ మీ తాతకు చెప్పిన, గేట్‌మన్ అయితనని. ఎందుకు?"

"ఎందుకు?"

"గా రూముల మంచముండె. నేను పాలు తీస్కపోయే యాళ్ళకు గేటాయన రోజూ పండుకొని ఉండేటోడు. కొలువంటే ఇదిరా అనుకున్న. రాత్రంత రైళ్ళు పంపి అప్పుడే ఒరిగిండని నాకేం ఎరుక."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. బాపు కూడా నవ్వడం మొదలుపెట్టాడు. గూడ్సు బండి వచ్చి, ఒక్కో డబ్బా పోతూ ఉంటే, ఆ మోతలో మేమిద్దరం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ నిలబడ్డాం. పక్కన సైకిలాయన మమ్మల్ని వింతగా చూశాడు. బండి పోయి గేటు లేచాక బాపు నా నెత్తి మీద చెయ్యి వేశాడు. "రేపటిసంది సందులు గూడ నేనే పోస్త. పరీక్షలయ్యేదాంక నువ్వు లేవకు" అన్నాడు.

"నువ్వెట్ల పోస్తవు బాపు, హోటళ్ళు?"

"గది నా ఫికర్. నువ్వు పండుకో."

మర్నాడు ముఖం మీద ఎండ పడితే లేచాను. ఎండ అట్లా కిటికీలోంచి వచ్చి మనిషిని లేపుతుందని పుస్తకాల్లో చదివానే గానీ నేను అనుభవించలేదు. భయపడి కొట్టంలోకి పరుగెత్తాను. పనంతా అయిపోయింది, బర్రెలు నెమరేస్తున్నాయి, అమ్మ "లేసినవా రాణమ్మా" అంది. బాపు ఇంకా తిరిగి రాలేదు. ఆయన ఆ రోజులన్నీ ఎప్పటికంటే ఇంకో గంట ముందే లేచి, రెండు పనులూ చేసి, ఎండెక్కాక వచ్చి గడప మీద కూలబడి చాయ్ తాగేవాడు. కళ్ళు ఎర్రగా ఉండేవి. ఆ నిద్ర ఆయనదేనని, తన దానిలోంచి తీసి నాకు పెట్టాడని నాకు అప్పుడు తోచలేదు. ఎంత హాయిగా ఉందో అదొక్కటే తోచింది. ఆ వయసు అట్లాంటిది.

నిద్ర చాలడంతో ఒక విచిత్రం జరిగింది. లెక్కలు అర్థమయ్యాయి. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, లెక్కల సారు రెండుసార్లు హాల్‌టికెట్టు అడిగి చూసుకున్నాడు. కానీ ఏమవుతానో మాత్రం నాకు తేలలేదు. గడువు అయిపోయింది, చెప్పడానికి మాట లేదు. కొట్టం తప్పదనుకుంటుంటే బాపు మళ్ళీ తెల్లచొక్కా తొడుక్కుని "నడు" అని కాలేజీకి తీసుకెళ్ళాడు. అక్కడ ఎంపీసీ లైను గేటు దాటి రోడ్డు మీదకు వచ్చింది. బైపీసీ లైనులో నలుగురైదుగురున్నారు. బాపు ఎండ వాలడం చూశాడు, సాయంత్రం పాలు పితికే వేళయిపోతోంది.

"ఏ లైన్ల నిలవడాలె బిడ్డా?"

"చిన్న లైన్ల బాపు."

కిటికీలో గుమాస్తా "బైపీసీనేనా, మంచిగ ఆలోచించుకున్నరా" అని అడిగాడు. "ఆరు నెలలసంది గదే ఆలోచన సారు" అన్నాడు బాపు, ఏమాత్రం తడబడకుండా.

డాక్టరు సీటు రాలేదు, వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. తెలిసినవాళ్ళు చెప్తే ఒక ఆసుపత్రి కోర్సులో చేరాను. అందులో ఏ విభాగం ఖాళీగా ఉంటే అది ఇచ్చారు. ఇప్పుడు నేను ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరమ్మ పక్కన పనిచేసే టెక్నీషియన్ని. మందులు సిద్ధం చేసి, గొట్టాలు అమర్చి, తెర మీద గుండె గీతలు చూస్తూ నిలబడతాను. అంటే ఊళ్ళోవాళ్ళందరినీ నిద్రపుచ్చి, వాళ్ళు లేచేదాకా మేలుకుని ఉండడం నా ఉద్యోగం. మొదటి కేసు పొద్దున్నే ఉంటుంది కాబట్టి మిషను సరిచూసుకోవడానికి నేను చీకటితోనే లేవాలి. (నవ్వండి, ఫర్వాలేదు. నేను కూడా బస్సులో కూర్చుని అప్పుడప్పుడు నవ్వుకుంటాను, తర్వాత స్టాపు దాటిపోయేదాకా నిద్రపోతాను.)

కిందటేడు బాపుకు హెర్నియా ఆపరేషన్ మా దగ్గరే అయింది. జీవితమంతా క్యాన్లు మోసిన ఒళ్ళు. ఆ పొద్దున మొదటి కేసు ఆయనదే. ఛాతీ మీద వైర్లు అంటిస్తూ ఒకదాన్ని తప్పు చోట పెట్టి, పీకి మళ్ళీ అంటించాను. ఇన్నేళ్ళ అనుభవం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన మాత్రం కొత్త బర్రెను చూసినట్టు మిషను వంక పరీక్షగా చూస్తున్నాడు.

"గిది పెట్టినంక ఎంతసేపు పండుకుంట?"

"డాక్టరమ్మ లేపేదాంక."

"మరి నువ్వు?"

"ఈడనే ఉంట బాపు. మేలుకొనే ఉంట."

డాక్టరమ్మ సూదిమందు ఎక్కిస్తుంటే, మాస్కు పెట్టేముందు ఒక్క క్షణం నా ముఖం చూసి నవ్వాడు. "యాడ దొరికిందే నీకు గీ కొలువు" అన్నాడు, అనేలోపే రెప్పలు వాలిపోయాయి.

ఆపరేషన్ సవ్యంగా అయింది. కళ్ళు తెరిచి, మళ్ళీ మూసి, వార్డులో చాలాసేపు మగతగా ఉండిపోయాడు. ఇంకో కేసు ముగించుకుని నేను వెళ్ళేసరికి అప్పుడే మెలకువ వచ్చింది. కిటికీ నిండా ఎండ.

"టైమెంతయింది?"

"పదకొండు దాటింది బాపు."

ఉలిక్కిపడి మోచేతుల మీద లేవబోయాడు. "పాలు?"

"అన్న పోసిండు. అన్ని ఇండ్లకు పోసిండు."

మెల్లగా వెనక్కి వాలాడు. ఆ ఎండను, పదకొండింటి ఎండను, పడుకున్నచోటి నుంచే కాసేపు చూశాడు. పక్క మంచం మీదకు, తలుపు వైపుకు చూశాడు, ఎవరైనా వచ్చి లేపుతారేమోనన్నట్టు. ఎవరూ రాలేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఎన్నడూ తన కోసం నన్ను ఏదీ అడగని మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకొంచెం పండుకోనా బిడ్డా?"

"పండుకో బాపు" అన్నాను. దుప్పటి మెడదాకా కప్పాను.

పదో తరగతిలో నన్ను పట్టుకుని, నీకు ఫలానా ఉద్యోగం వస్తుంది, అందరూ పడుకుంటే నువ్వు నిలబడి చూస్తుండాలి అని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ పిల్ల కొట్టమే నయమనేది. పాపం, దానికేం తెలుసు. థియేటర్లో ఇంకో కేసు సిద్ధంగా ఉందని కబురొచ్చింది. భోజనం వేళ దాటినా సరే ఆయన్ను లేపవద్దని నర్సుకు చెప్పి, ఆవులిస్తూ వెళ్ళిపోయాను.